బళ్ళో చేసుకున్న రాత్రి

పోయిన వారం పాడేరు స్టాండులో జీపు నింపుకుంటుంటే తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎవరో ఆడపిల్ల గొంతు. "జీపు నవ్వులు గారేనా అండీ?" అని అడిగింది. ఈ స్టాండులో నన్ను చాలా పేర్లు పెట్టి పిలుస్తారు, వాటిలో సగం రాయడానికి పనికిరావు, కానీ ఈ పేరు మాత్రం ఎప్పుడూ వినలేదు. ఎవరమ్మా అన్నాను. మా అమ్మ ఫోనులో మీ నంబరు ఆ పేరుతోనే ఉందండి, అసలు పేరు తెలీదు, అమ్మ నిన్న పోయింది, ఫోనులో ఉన్నవాళ్ళందరికీ చెబుతున్నాను అంది. ఏ అమ్మో నాకింకా అర్థం కాలేదు. మీ కొండ మీద టీచరుగా చేసింది కదండీ అనేసరికి అర్థమయింది.

జీపులో అప్పటికే కూర్చునేవాళ్ళు కూర్చున్నారు, వేలాడేవాళ్ళు వేలాడుతున్నారు, బేగి తియ్యవయ్యా అని గోల. తీశాను. మామూలుగా కొండెక్కేదాకా నా నోరు ఇంజనుకన్నా ఎక్కువ ఆడుతుంది. ఆ రోజు ఇంజనొక్కటే ఆడింది. దిగేటప్పుడు ఒక ముసలమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, జొరమేమో అని.

ఆవిడకి నా పేరు తెలీదని ఇప్పుడు తెలిసింది. ఆవిడ పేరు నాకూ తెలీదు. మా ఊళ్ళో టీచరమ్మ అంటే చాలు. రెండో టీచరమ్మ ఉంటే కదా పేరుతో పని.

చోడవరం వైపు మనిషి. యాభై దాటి ఉంటాయి. చేతిలో ఎప్పుడూ ఒక గొడుగు ఉండేది, అది తెరుచుకోగా చూసినవాళ్ళు లేరు, కుక్కల్ని అదిలించడానికే. పాడేరులో గది తీసుకుని పొద్దున్నే నా జీపులో వచ్చేది. మొదటి రోజు ప్రతి మలుపు దగ్గరా జీపు ఆపించి కక్కుకుంది. నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. మా రోడ్డుకి ఇంత భక్తిగా మలుపు మలుపుకీ నైవేద్యం పెట్టినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానండీ అన్నాను. జీపంతా గతుక్కుమంది. ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంటూ నవ్వింది, నవ్వుతుండగా ఒక మలుపు ఊరికే గడిచిపోయింది. ఆ మర్నాటి నుంచి ముందు సీట్లో కూర్చోగానే, ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని, "ఏదోటి చెప్పు నాయనా, కడుపులో తిప్పకముందే" అనేది. లోకంలో నా హాస్యాన్ని మందులా వాడింది ఆవిడొక్కర్తే.

మా ఊరి బడి ఒకటే గది, పైన రేకులు. అదే గదిలో నేను నాలుగో తరగతిలో చదువుకి సెలవు చెప్పాను. చదువు కూడా నన్ను ఉండిపొమ్మని బతిమాలలేదు. పొద్దున ఆవిడని దించాక మళ్ళీ సాయంత్రం దాకా బేరాలుండవు కాబట్టి బడి అరుగు మీద పడి నిద్రపోయేవాణ్ణి. ఒక రోజు గొడుగు మొనతో పొడిచి లేపింది. లోపలికి రా, నీతో పనుంది అంది.

పనేమిటంటే, మా ఊళ్ళో ఇంట్లో మాట్లాడేది కువి. తెలుగు మాకు సంతలో మాట, బస్సులో మాట, ఆఫీసులో తిట్టు. ఆవిడ తెలుగులో పాఠం చెబుతుంటే పిల్లలు గుడ్డు పెట్టబోయే కోడిని చూసినట్టు ఆవిడ నోరు చూస్తూ కూర్చునేవారు. నేను చదువుతాను, నువ్వు మీ భాషలో చెప్పు అంది. పాఠాలు చెప్పేంత చదువు నాకు లేదండీ అన్నాను. పాఠం కాదు అని సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. అట్ట లేదు. మొదటి రెండు మూడు పేజీలు కూడా లేవు. వాళ్ళ ఊళ్ళో అద్దెకిచ్చే పుస్తకాల కొట్టు ఎత్తేస్తుంటే తూకానికి కొనుక్కుందట అలాంటివి కొన్ని. నవలలు. ఇంత లావువి.

పసిపిల్లలకి నవలలేటండీ, కాకికి కంబళీ కప్పినట్టు, అన్నాను. ఆవిడ చెప్పిన జవాబు నాకు గుర్తే. "పాఠం ఇవాళ మొదలై ఇవాళే అయిపోతాది నాయనా. రేపు రాకపోయినా నష్టం లేదు. నవల అలాక్కాదు. రేపేటయిందో తెలుసుకోడానికైనా వస్తారు."

వాళ్ళు రావడం ఆవిడకి ఎందుకంత అవసరమో ఒక రోజు జీపులో ఘాటీ రోడ్డు ఎక్కుతుండగా చెప్పింది. పిల్లలు తక్కువైన బడుల్ని పక్క ఊరి బడిలో కలిపేస్తున్నారు. మా బడి పేరు ఆ జాబితా అంచున వేలాడుతోంది. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో, పసుపు తవ్వే రోజుల్లో పిల్లలు తల్లుల వెనక తోటల్లోకి పోతారు. అప్పుడే ఏ ఆఫీసరైనా వచ్చి ఖాళీ గది చూశాడా, అంతే. పక్క ఊరి బడి గెడ్డకి, అంటే మా కొండవాగుకి, అవతల. గెడ్డ మీద వంతెన లేదు. వానాకాలం మా ఊళ్ళో పెద్దవాళ్ళే గెడ్డని అడిగి దాటతారు, అది వద్దంటే వెనక్కి వస్తారు. పిల్లల్ని ఎవరు పంపుతారు? ఈ బడి పోయిందంటే వీళ్ళ చదువు పోయినట్టే, నాయనా, వేరే దారి లేదు, అంది. ఇంకేదో నవ్వు మాట చెప్పబోయి ఆగిపోయాను.

అలా మొదలైంది. ఆవిడ చదవడం ఏమంత గొప్పగా ఉండేది కాదు. రాజైనా రౌడీ అయినా ఒకటే గొంతు, చింతకాయ కొరికినట్టు. ఎక్కడ ఏడవాలో అక్కడ ఏడవదు, ఎవరో అన్నం వడ్డించారని రాసుంటే అక్కడ ఆపి కొంగుతో కళ్ళొత్తుకునేది. ఆడామగా దగ్గరగా కూర్చున్న చోటు వస్తే ఒక దగ్గు దగ్గి పేజీ తిప్పేసేది. కొన్నాళ్ళకి పిల్లలకి ఆ దగ్గు తెలిసిపోయింది. ఆవిడ దగ్గగానే గదంతా నాకేసి తిరిగేది, ఆ జారిపోయిన పేజీలో ఏముందో నేను కువిలో చెబుతానని. నేను చెప్పేవాణ్ణి. పాపం రాసినవాడికి కూడా తోచనివి చెప్పేవాణ్ణి. నేను చదివింది రెండు ముక్కలు, నువ్వు చెప్పింది సంతంత ఉంది, ఏటి కలిపేస్తున్నావు అని ఆవిడ కసిరేది. భాషలో ఊరుతాదండీ, బియ్యంలా, అనేవాణ్ణి.

ఇంకొకటి. ఆవిడ ఎప్పుడూ ముందుకి చదివేది కాదు. ఆపిన చోట తలపిన్ను గుచ్చి సంచిలో పడేస్తే మళ్ళీ మా ముందరే తీసేది. మీరు గదిలో ఒక్కరే ఉంటారు కదా, రాత్రి కూర్చుని అయిపోయేదాకా చదివెయ్యొచ్చు కదా అన్నాను. "నాకు తెలిసిపోయినాక మీతో కలిసి చదివినట్టు ఎలాగవుతాదిరా, మీకు చెప్పినట్టవుతాది గానీ" అంది.

రెండు నవలలు అయ్యాయి. మూడోది జమీందారు ఇంట్లో హారం పోవడం. దొంగ ఎవరో తెలీదు. వంటవాడు ఉన్నాడు, డాక్టరు ఉన్నాడు, మేనకోడలు ఉంది, మోటారు కారు నడిపేవాడు ఉన్నాడు. డ్రైవరు మాత్రం కాదని నేను మొదటి రోజే తేల్చేశాను. కాఫీ తోటల్లో బుట్టలు పట్టుకుని నిలబడ్డ పిల్లలు కూడా మధ్యాహ్నానికి బుట్టలు పడేసి పరిగెత్తుకొచ్చేవారు. గది నిండింది.

నిండింది కాబట్టే ఊళ్ళో తెలిసింది. ఊరి పెద్ద ఒక తాత, పళ్ళు లేవు గానీ మాటకి పదునుంది. బడి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మా దగ్గర కథ అన్నది పొద్దు గూకాక చెప్పుకునేది. పగలు చెబితే ఆ ఇంటివాళ్ళలో దారి మీద ఉన్నవాళ్ళు దారి తప్పుతారని. నాకు ఆ సంగతి తెలుసు, కానీ పుస్తకంలో కథకి ఈ రూలు ఉండదనుకున్నాను. తాత అనుకోలేదు.

"టీచరమ్మా, మా కుర్రోలు ఎవలూ ఊల్లో నేరు. ఒకడు సెన్నయ్ ఎల్లినాడు, ఒకడు కేరళ ఎల్లినాడు, ఒకడు సేపల సెరువుల కాడున్నాడు. అందరూ దారిలోనే ఉన్నారు. నువ్వు పట్టపగలు కతలు సదివితే ఆలు ఇంటికెలాగొత్తారు?"

ముందు వరసలో ఒక గుంట ఉండేది, అయిదో తరగతి పిల్ల. తండ్రి లేడు, పెంచింది మేనమామ. అతను ఏదో మేస్త్రీ వెంట పనికని దక్షిణం వైపు వెళ్ళాడు, కొన్నాళ్ళు ఫోన్లు చేశాడు, తర్వాత ఫోను మోగడం మానేసింది. తాత ఆ మాట అంటుంటే ఆ పిల్ల తల దించుకుని బెంచీ గీరుతోంది. టీచరమ్మ తాతకేసి చూడలేదు, ఆ పిల్లకేసి చూసింది. ఇదంతా వట్టి నమ్మకమని చెబుతుందనుకున్నాను. చదువుకున్నవాళ్ళు అదే కదా చెప్పేది. చెప్పలేదు. రాత్రయితే చదవొచ్చా తాతా అని అడిగింది. రాత్రయితే నీ ఇట్టం అన్నాడు.

మర్నాడు తలుపు మూసి లోపల గడియ పెట్టింది. కిటికీ రెక్కలు మూయించింది. సంచిలోంచి కిరోసిన్ దీపం తీసి వెలిగించింది. గదిలో రాత్రయింది. కిటికీ పని ఆ గుంట తనే తీసుకుంది. రెక్క పగుల్లోంచి సన్నగా ఎండ వస్తుంటే తన పాత గౌను చింపి తెచ్చి ఆ సందులో కూరింది. అంత శ్రద్ధగా రాత్రిని చేసినవాళ్ళని నేను చూడలేదు, దేవుడు కూడా నక్షత్రాల చోట బొక్కలు వదిలేశాడు.

తాత ఆ రాత్రి నాణ్యం చూడ్డానికి లోపలికి వచ్చి కూర్చున్నాడు. చదువు సాగుతుండగా బయట కోడి కూసింది. ఆపండి, తెల్లారిందన్నాడు. నేను వెళ్ళి కోడిని తరిమి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టనిచ్చాడు. అప్పట్నుంచి రోజూ వచ్చి వెనక బెంచీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవాడు. హారం డాక్టరే తీశాడని ఆయన పట్టు. సూది మందు ఇచ్చేవాడు దేనికైనా తెగిస్తాడట. పిల్లల మీద ఇంక ఎవరూ నోరెత్తలేదు. పెద్దే కూర్చున్నాక.

కాఫీ పళ్ళు ముదిరిన రోజుల్లో వాయుగుండం పట్టింది. అలాంటి వానలో పళ్ళు కొయ్యరు కాబట్టి ఆ రోజు పిల్లలంతా బళ్ళోనే ఉన్నారు. ఒక్కరు తక్కువ లేరు. కొందరు చంకలో చెల్లెళ్ళని కూడా తెచ్చారు. రేకుల మీద వాన ఎలా ఉంటుందంటే, పక్కవాడు చెవిలో అరిచినా పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. టీచరమ్మ మెడ నరాలు తేలేలా అరిచి చదువుతోంది, నేను అరిచి చెబుతున్నాను, తాత వినబడకపోయినా తల ఊపుతున్నాడు. పోలీసులు డాక్టరు పెట్టె తెరవబోతున్నారు. అంత ఆనందంగా ఆ గదిని నేను ఎప్పుడూ చూడలేదు.

వాన తగ్గి తలుపు తీస్తే వాకిట్లో బురదలో కొత్త టైర్ల గీతలు. నా జీపువి కావు. వచ్చి, తిరిగి, వెళ్ళిపోయినవి. నాకు టైర్లు చదవడం వచ్చు కాబట్టి ముందు నాకే సంగతి తెలిసింది.

సాయంత్రానికి ఫొటో వచ్చింది, టీచర్లందరూ ఉండే వాట్సాప్ గ్రూపులో. మా బడి, మూసిన తలుపు, మూసిన కిటికీలు, వాన. పక్క ఊరి బడి మీదుగా వచ్చిన ఆఫీసరు, గెడ్డ పొంగేలోగా వెనక్కి దాటిపోవాలన్న తొందరలో బండి దిగలేదు. బండిలోంచే తీసుకుని వెళ్ళిపోయాడు. బడి వేళలో బడి మూసి ఉంది అని కింద రాశాడు.

మర్నాడు ఆవిడని ఆఫీసుకి నేనే తీసుకెళ్ళాను. ఆఫీసరు చెడ్డవాడేం కాదు, కుర్చీ వెయ్యమన్నాడు. ఆవిడ కూర్చోలేదు. ఫోను ఆయన ముందు పెట్టి, బొమ్మ పెద్దది చేసి చూడండి సార్, బయట గొళ్ళెం వేసి లేదు, తాళం లేదు, మేమంతా లోపలే ఉన్నాం అంది. ఆయన పెద్దది చేసి చూశాడు. నిజమే, తాళం లేదు.

"సరేనమ్మా, లోపలే ఉన్నారు. పట్టపగలు తలుపులు, కిటికీలు అన్నీ మూసుకుని లోపల ఏం చేస్తున్నారు?"

"నవల చదువుతున్నాం సార్."

"దానికి తలుపులు మూయడం ఎందుకు?"

ఏదైనా అబద్ధం చెప్పొచ్చు. జల్లు కొడుతోంది సార్ అంటే చాలు. నాకే వెంటనే అలాంటివి నాలుగు తోచాయి. ఆవిడ చేతిలో గొడుగు గట్టిగా పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పగలు కథ చదివితే ఊరిబయట ఉన్నవాళ్ళు దారి తప్పుతారు సార్, అందుకని రాత్రి చేసుకుంటున్నాం అని. తర్వాత బల్లల వెనక ఎవరో ముందు, ఆ వెనక అందరూ నవ్వారు.

నేను మనుషుల్ని నవ్వించి బతికేవాణ్ణి. నవ్వు వినబడితే నాకు అన్నం తిన్నట్టుంటుంది. ఆ నవ్వు విన్నాక బయటికొచ్చి జీపు చక్రం పక్కన కూలబడ్డాను, ఆ పూట అన్నం తినలేదు.

తర్వాత ఆవిడ తిరగని గుమ్మం లేదు. బడి వదలగానే పాడేరు చేరి ఎవరో ఒక సారు గేటు దగ్గర నిలబడేది. సారు భోంచేస్తున్నారంటే నిలబడేది, పడుకున్నారంటే నిలబడేది. ఫొటో తీసిన రోజు ఎంతమంది పిల్లలున్నారో తాత చేత వేలిముద్ర వేయించి పట్టుకెళ్ళింది. ఎవరూ కాదనలేదు, ఎవరూ అవుననలేదు. ఇకమీదట బడి వేళలో తలుపులు కిటికీలు తెరిచే ఉంచాలని మాత్రం ఆర్డరు ఇచ్చారు. తెరిస్తే పగలు, పగలైతే కథ లేదు. నవల ఆగింది. కథ ఆగాక పిల్లలు ఒక్కొక్కరే బుట్టలు పట్టుకుని తోటల్లోకి పోయారు. ఆఫీసు ఫొటోలో చూపించిన ఖాళీ బడి అప్పుడు నిజంగా తయారైంది.

ఆ రోజుల్లో నా మందు కూడా పనిచెయ్యలేదు. ఎంత చెప్పినా ప్రతి మలుపులోనూ జీపు ఆపాల్సి వచ్చేది. చివరికి ఆవిడే, చెప్పకు నాయనా, అంది.

తాత ఒక రోజు జీపు దగ్గరికి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. "ఒక్క కిటికీ తీసుంటే బాగుణ్ణు గావాల, అమ్మా" అన్నాడు నెమ్మదిగా.

"తీసుంటే మీరు పిల్లల్ని పంపేవారా తాతా?"

ఆయన తలపాగా విప్పి మళ్ళీ కట్టుకుంటూ అక్కడే ఉండిపోయాడు.

శివరాత్రికి ముందే బడి ఎత్తేశారు, ఆవిడని ఇంకెక్కడికో వేశారు. సామాను గెడ్డ అవతలికి చేర్చాలి. ఊరికి వచ్చే జీపు నాదొక్కటే కాబట్టి బడిని మోసుకుపోయే పని కూడా నాకే పడింది. బెంచీలు, నల్లబల్ల, వంటపాత్రలు, బియ్యం డబ్బా ఎక్కించాను. టీచరమ్మ గోడ గడియారం ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. వెనక్కి చూస్తే బెంచీల సందుల్లో పిల్లలు ఎక్కి కూర్చుని ఉన్నారు. బెంచీలు ఎక్కడికి పోతే బడి అక్కడికి పోతుందనుకున్నారు. నిజమే కదా, నాకు మాత్రం వేరే ఏం తెలుసని దిగమనను?

గెడ్డ ఒడ్డున ఆపాను. నీళ్ళు మోకాలిదాకానే ఉన్నాయి, కానీ ఇళ్ళ దగ్గర గెడ్డదాకానే వెళ్ళమని చెప్పారు. పిల్లలు దిగి వరసగా నిలబడ్డారు. అవతలి ఒడ్డు నుంచి ఆ బడి మేస్టారు బేగి తెమ్మని చెయ్యి ఊపుతున్నాడు. ఒక బుడ్డోడు కువిలో ఏదో అడిగాడు. ఏటంటున్నాడు అంది టీచరమ్మ. హారం ఎవరు తీశారో చెప్పి పొమ్మంటున్నాడండీ అన్నాను.

ఆవిడ గడియారం నాకిచ్చి, రాయి మీద కూర్చుని, సంచిలోంచి పుస్తకం తీసింది. పిన్ను పీకింది. మిగిలింది కొంచెమే, మళ్ళీ ఎప్పుడు కలుస్తాం, చదివేస్తాను, నువ్వు చెప్పు అంది. నడినెత్తిన ఎండ, నీళ్ళలో కూడా ఎండే. పిల్లలు దగ్గరికి జరిగారు. ఆవిడ నోరు తెరిచింది.

ఆ గుంట వచ్చి పేజీ మీద అరచెయ్యి పెట్టింది. నాకేసి చూడలేదు, తెలుగు చేసి పెట్టమని అడగలేదు. తనే అంది.

"ఇప్పుడు పగలు టీచరమ్మా. మా మావ దారిలోనే ఉన్నాడు."

టీచరమ్మ ఆ చేతికేసి చూసింది. అవతల మేస్టారు ఏదో అరిచాడు. పుస్తకం మూసి సంచిలో పెట్టేసింది. సరేనమ్మా, వచ్చాకే చదువుకుందాం అంది.

కొత్త బడికి మా పిల్లలు కొన్నాళ్ళు వెళ్ళారు. మొదటి వానకి గెడ్డ వద్దంది, మానేశారు. ఆ గుంట ఇప్పుడు కాఫీ తోటలో పనిచేస్తుంది, ఎదిగిపోయింది, మేనమామ ఇంకా రాలేదు, సంతకి నా జీపులోనే వస్తుంది. నిన్న ముందు సీట్లో కూర్చుంటే టీచరమ్మ పోయిందని చెప్పాను. ఏడవలేదు. బుట్ట ఒళ్ళోకి లాక్కుని రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది. రెండు మలుపులు గడిచాక అడిగింది, ఆ పుస్తకం ఎవరి దగ్గరుంది అని. వాళ్ళమ్మాయి దగ్గరే ఉండి ఉంటుందన్నాను.

"ఆళ్ళకి ఫోన్ సెయ్యి. రాత్రి సదువుకోమను. పగలు మాత్రం వద్దని సెప్పు."

నేను జీపు పక్కకి ఆపి ఆ నంబరుకి చేశాను.